పిన్నికి పనిలేని ఆట

కళ్ళద్దాల దుకాణం ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. మూశాక వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రానికి గుడ్డ కప్పి, బల్ల శుభ్రంగా తుడిచి, దుకాణం నడిపే అక్క రాజ్యాలు ఏలుతుంది. వారమంతా ఊరివాళ్ళ చూపు సరిచేసే మనిషి ఆ పూట కథ నడుపుతుందన్నమాట. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్రను కాగితం మీద తయారుచేసుకుని, ఆ పాత్రల్లాగే మాట్లాడుతూ, గెలుస్తామో లేదో తెలియని చోట పాచిక వేసి చూసుకుంటూ, కొండలూ గుహలూ దాటుతుంటారు. పాచిక మీద ఎంత పెద్ద అంకె పడితే అంత మేలు.

ముగ్గురూ బయటివాళ్ళేం కాదు. బేకరీ నడిపే అక్క మొగుడు ఆటలో దొంగ. ఇంట్లో పచ్చడి జాడీ మూత తియ్యడం రాదు గాని, అక్కడ ఎంతటి తాళమైనా చిటికెలో తీసేస్తాడు. లిఫ్టులు బాగుచేసే తమ్ముడు వీరుడు. నర్సుగా చేసి రిటైరైన పిన్ని వైద్యురాలు. జీవితమంతా చేసిన పనే మళ్ళీ ఆటలో కూడా ఎందుకు పిన్నీ అంటే, "వచ్చిన పని చేస్తేనే కదే ముచ్చట" అంది. బాబాయి పోయాక ఇల్లు కదలని మనిషిని అక్కే బతిమాలి, చెయ్యి పట్టుకుని ఈ బల్ల దగ్గరకు తెచ్చింది.

ఆటతో పాటు వచ్చిన పుస్తకంలో ఉన్న నియమాలు అక్క కంటికి ఆనలేదు. పాత్రలు తయారుచేసే పద్ధతి సొంతంగా రాసింది. అందరికీ సమానంగా పాయింట్లిచ్చి, వాటితో బలమో తెలివో విద్యలో కొనుక్కోమంది. చాలకపోతే పాత్రకు ఒక లోపం రాసుకోవచ్చు, దానికి ఇంకొన్ని పాయింట్లొస్తాయి. లోపం లేని మనిషితో కథ రక్తి కట్టదని ఆమె నమ్మకం. నమ్మకం మంచిదే. తమ్ముడున్నాడన్న సంగతే మర్చిపోయింది.

సముద్రమంటే భయం అని రాశాడు వాడు. కథంతా కొండల్లో నడుస్తోంది. పుట్టగొడుగులు పడవన్నాడు. గుడ్లగూబను చూస్తే చిరాకన్నాడు. పాడితే శ్రుతి కలవదన్నాడు, అది మాత్రం నిజమే. వీటన్నిటికీ వచ్చిన పాయింట్లతో కత్తిసాము, మంత్రాలు, తాళాలు తీసే విద్య, మూలికలు, చివరికి పక్షుల భాషతో సహా కొనేశాడు. ఇక గుహలో అడుగు పెట్టడమే ఆలస్యం, వాడే శత్రువుని పడగొట్టి, వాడే తాళం తీసి, ఎవరికైనా కాస్త గీరుకుంటే వాడే మూలిక రాసేసేవాడు. దొంగగారు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాడు. వైద్యురాలికి మందుల సంచి విప్పే పనే పడలేదు.

ఓ ఆదివారం చెప్పులు వేసుకుంటూ పిన్ని, "వచ్చే వారం నుంచి రాన్లే అమ్మా. మెట్లెక్కలేకపోతున్నా" అంది. దుకాణానికి ఉన్నది ఒక్కటే మెట్టు. అక్క మనసు చివుక్కుమంది. పిన్ని మళ్ళీ ఆ ఇంట్లో ఒక్కతే ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటుంది, దానికి కారణం తను రాసిన నియమమే.

సరిచేద్దామని కూర్చుంది. పవర్ ఎక్కువైతే తల తిరుగుతుందని రోజూ పదిమందికి చెప్పే మనిషికి ఇదో లెక్కా అనుకుంది. ఒకటి రెండు లోపాల కంటే ఎక్కువ కుదరదంటే, తమ్ముడు ఘోరమైన లోపాలే ఏరుకుని మళ్ళీ అన్ని పాయింట్లూ లాగాడు. విద్యల ఖరీదు పెంచితే మొగుడికి తాళాల విద్య అందకుండా పోయింది. "ఇకనుంచి నా దొంగ దొరలా బతకాలా?" అని వాపోయాడు. కుడికన్ను సరిచేస్తే ఎడమకన్ను లాగుతోంది.

ఇలా కాదని, కళ్ళజోడు కాడ వదులైంది కదా బిగిస్తానన్న వంకతో పిన్ని ఇంటికి వెళ్ళింది. స్క్రూ తిప్పుతూనే మెల్లగా ఆట మాటెత్తింది.

"నువ్వు లేకపోతే ఎలా పిన్నీ?"

"నేను రాకపోతే లోటేముందే? అన్నీ వాడే చూసుకుంటున్నాడుగా."

నిష్ఠూరంగా కూడా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. అక్క చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. లోటు. తను ఇన్నాళ్ళూ రాసిందేమో లోపం. లోపం మనిషిలో ఉంటుంది, దాన్ని జేబులో దాచుకుని ఒక్కడే తిరగొచ్చు. లోటు అలా కాదు, ఇంకో మనిషి లేనప్పుడు తెలిసేది.

"ఈ ఒక్క వారం రా పిన్నీ. కొత్త నియమం నిలుస్తుందో లేదో చూడ్డానికి మనిషి తక్కువైంది" అంది. పనుందంటే కాదనడం పిన్నికి చేతకాదు.

ఆదివారం అక్క కొత్త పద్ధతి చదివి వినిపించింది. "లోపాలకు పాయింట్లు లేవు. అందరూ ఒక్కో లోటు రాయండి. మీ పాత్రకు ఏది చేతకాదో, అందుకు ఈ బల్ల దగ్గర ఎవరు కావాలో. ఆ అవసరం పడి, వాళ్ళొచ్చి చెయ్యందిస్తేనే ఇద్దరికీ పాయింట్లు."

"అడుగడుగునా సాయం అడిగితే?" అన్నాడు తమ్ముడు. సందు కనిపెట్టడంలో వాడిది అందెవేసిన చెయ్యి.

"ఆటకి ఒక్కసారే."

వాడు గొణుక్కుంటూ రబ్బరు తీసి మంత్రాలు చెరిపాడు. తాళాలు బావకొదిలేశాడు. పక్షుల భాష మీద కాసేపు తటపటాయించి అదీ చెరిపాడు. మూలికల దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇది మాత్రం ఉంచుకుంటానక్కా."

"పిన్ని ఉండగా నీకెందుకురా?"

వాడు పాచికను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే పిన్నే కదా చూడాలి. తీరా వాళ్ళు బతక్కపోతే? బాబాయి పిన్ని చేతుల్లోనే పోయాడు కదా... మళ్ళీ అలా ఎవరూ పోకూడదనుకున్నా. అందుకే అన్నీ నేనే చేసేశాను."

ఇన్నాళ్ళూ వాడు గొప్పలకు పోతున్నాడనుకుని లోలోపల తిట్టుకున్నందుకు అక్కకు సిగ్గేసింది, వాడిమీద చెప్పలేనంత ప్రేమా పొంగుకొచ్చింది.

పిన్ని వాడి చేతిలో రబ్బరు లాక్కుని, మూలికల్ని తనే చెరిపేసింది. "నా చేతుల్లో పోయినవాళ్ళున్నార్రా, లేచి నడిచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రెండూ ఓర్చుకున్నాను. రోగి లేని వార్డులో ఊరికే కూర్చోడం మాత్రం నా వల్ల కాదు."

ఆట మొదలైంది. లోయ దాటుతుంటే వంతెన తాడు తెగి వీరుడు కిందపడ్డాడు. పిన్ని ఎన్నాళ్ళకో మందుల సంచి విప్పింది. "ఎక్కడరా నొప్పి? ఊపిరి తీస్తే పోటొస్తోందా?" అని అడుగుతుంటే తమ్ముడు నిజంగానే పక్కటెముకలు తడుముకుని జవాబులు చెప్పాడు. దొంగ దీపం పట్టుకున్నాడు. పిన్ని పాచిక వేసింది.

చాలా చిన్న అంకె పడింది.

"బల్ల వాలుగా ఉంది పిన్నీ, మళ్ళీ వెయ్యి" అన్నాడు తమ్ముడు గబగబా. ఫరవాలేదు, గెలిచినట్టే లెక్క అనెయ్యడానికి అక్క కూడా నోరు తెరిచింది. పిన్ని పాచిక మీద అరచెయ్యి మూసింది.

"పడిందేదో పడింది. ఎవరూ మార్చొద్దు. ప్రాణముందా?"

"ఉంది" అంది అక్క. "కానీ లేవలేడు."

"నేను లేవనిస్తేగా. వచ్చే ఆదివారం వచ్చి కట్టు మారుస్తాను. ఈలోగా వీడు మంచం దిగాడంటే చెప్పండి, ఉన్న కాళ్ళు కూడా విరగ్గొడతాను."

సంచి సర్దుకుని, చెప్పులు వేసుకుని, ఉన్న ఆ ఒక్క మెట్టూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి వెళ్ళింది.