సెఫ్సారీ కింద ఎండ

పెళ్ళి వీడియోలో మన్నూబియా మొహం చూసిన చుట్టాలందరూ ఒకటే మాట అన్నారు: అత్తగారికి కోడలు నచ్చలేదని. మిట్టమధ్యాహ్నం మేడ మీద తీసిన వీడియో అది. నెత్తిన ఎండ, కళ్ళ కింద నల్లటి గుంటలు, ముడిపడ్డ నొసలు. "ఆ ఎండకి ఎవరి మొహమైనా అంతే" అని కొట్టిపారేశాడు ఘసేన్. వీడియోలు తీయడమే అతని పని కాబట్టి యోస్రా మొగుడి మాట నమ్మింది. పూర్తిగా మాత్రం నమ్మలేకపోయింది.

పెళ్ళయి నెల తిరగలేదు. ఘసేన్ యోస్రా టీ గ్లాసులో నాలుగు బాదంపప్పులు ఎక్కువ వేసినా, మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినిపించినా ఆమెకు ఊరికే నవ్వొచ్చేసేది. అంత సంతోషంలోనూ ఆ ముడిపడ్డ నొసలొక్కటే పంటి కింద రాయిలా తగిలేది. అడిగే ధైర్యం లేదు. ఆగస్టులో ఏడాదికి సరిపడా గోధుమరవ్వ కుస్కుస్ చేసి ఆరబెట్టుకునే రోజులు రాగానే ఆమెకో ఉపాయం తోచింది. మెత్తని వెలుగులో అత్తగారిని ఘసేన్ చేత మళ్ళీ వీడియో తీయిస్తే సరి. నొసలు విప్పారితే తప్పు ఎండదే.

"ఒకసారి తీసి మహదియా ఊరంతా చెప్పుకునేలా చేశారు. చాల్లే" అంది మన్నూబియా, మేడ మీద వెడల్పాటి పళ్ళెంలో రవ్వ మీద నీళ్ళు చిలకరిస్తూ.

"ఈసారి నేను తీస్తానమ్మా. సాయంత్రం పొద్దు వాలాక కూర్చో. ఎంత బాగుంటావో చూద్దువుగాని" అన్నాడు ఘసేన్.

"సాయంత్రం చేస్తే ఎప్పుడు ఆరుతుందిరా? తడుంటే బూజు పడుతుంది. కావాలంటే సూర్యుణ్ణి ఆపుకో, నా రవ్వను ఆపకు."

ఇక ఎండకీ మనిషికీ మధ్య ఏదో ఒకటి కట్టాలి. యోస్రా వంటింట్లోంచి ఎర్రగళ్ళ బల్లగుడ్డ తెచ్చి బట్టల తీగలకు క్లిప్పులు పెట్టింది. మన్నూబియా కెమెరా తెరలోకి తొంగిచూసి గుండె బాదుకుంది.

"హరీసా కారంలో ముంచి తీసినట్టున్నానే!"

"పైన ఏ రంగుంటే అదే మొహం మీదికి దిగుతుందమ్మా. తెల్లటిది, పల్చటిది కావాలి. దుప్పట్లన్నీ నీ కుస్కుస్ కిందే పరిచేశావు" అన్నాడు ఘసేన్.

మన్నూబియా చేతులు కడుక్కుని కిందికెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో పెళ్ళినాటి సెఫ్సారీ ఉంది. ఒంటినిండా కప్పుకునే మీగడరంగు పట్టుగుడ్డ, మడతల్లో లవంగాల వాసన.

"చిరిగిందో, ఇద్దరికీ ఈ ఏడు కుస్కుస్ లేదు."

నాలుగు కొసలూ తీగలకు కట్టారు. ముందు బాగా ఎత్తున కట్టేసరికి పక్కనుంచి ఎండ దూరింది. కెమెరాకి కనపడనంతలో, తలలకి దగ్గరగా దించారు. అప్పుడు వెలుగు పాలపొంగులా మెత్తబడింది. కింద పరిచిన తెల్ల దుప్పట్ల మీంచి మరికాస్త వెలుగు గడ్డం కిందికి ఎగబాకింది. కళ్ళ కింద గుంటలు మాయమయ్యాయి. యోస్రా ఎదురుగా ఇంకో పళ్ళెం ముందు కూర్చుంది. ఘసేన్ వీడియో తీయడం మొదలుపెట్టాడు.

మన్నూబియా నొసలు ముడిపడే ఉంది.

యోస్రా చేతులు ఆగిపోయాయి.

"ఆపావేం అమ్మాయ్?"

"ఎండ లేదుగా అత్తయ్యా" అనేసింది యోస్రా. "అయినా పెళ్ళి వీడియోలో పెట్టినట్టే పెట్టారు మొహం."

"నీ పళ్ళెంలో రవ్వ ఉండకడుతోంది. అది చూస్తున్నా. దేన్నైనా శ్రద్ధగా చూస్తే నా మొహం ఇంతే. మా అమ్మదీ ఇంతే."

"మరి పెళ్ళిలో?"

"పెళ్ళిలో నీ తలమీది బంగారు పట్టీ జారిపోతోంది. పిన్ను ఊడింది. ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ సర్దరే! నేను లేద్దామంటే ఆ కెమెరావాడు 'కదలకండి, కదలకండి' అని చంపాడు."

వీడియో అయిపోగానే వెనకనుంచి ఎవరో తన తలలో పిన్ను గట్టిగా గుచ్చడం యోస్రాకు గుర్తొచ్చింది.

"అది మీరా? నెత్తి చిల్లుపడిందనుకున్నాను!"

"ఊడలేదుగా మరి" అంది మన్నూబియా. "ఉండ చిదుపు, అరచేత్తో కాదు, వేళ్ళతో."

యోస్రాకు నవ్వాగలేదు. నవ్వుతూనే వంగి ఉండలు వెతికి చిదపసాగింది. కాసేపటికి ఘసేన్ కెమెరా తెర ఇద్దరివైపూ తిప్పాడు. సెఫ్సారీ కింది మెత్తని వెలుగులో, రెండు పళ్ళేల మీద, రెండు నొసళ్ళూ ఒకేలా ముడిపడి ఉన్నాయి.

"ఇది చుట్టాలందరికీ పంపనా?"

"పంపు" అన్నారిద్దరూ, తలెత్తకుండా.