పచ్చి సిమెంటులో తేదీ

పర్శరాములు తాపీ పిడితో టైల్ మీద కొట్టాడు. గట్టి చప్పుడు. పక్కదాన్ని కొట్టాడు. అదీ గట్టిదే. మూడో వరుస దాటగానే చప్పుడు మారింది. ఖాళీ కుండను కొట్టినట్టు, కింది నుంచి ఎవరో తిరిగి కొడుతున్నట్టు. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. ఆరేండ్లుగా నిద్రలో వింటున్నదే.

ఎల్లారెడ్డిలో మహేందర్ పటేల్ మేడ మీది బాత్రూం అది. పటేల్‌కు ఇప్పుడు స్నానానికి తొట్టి కావాలట. రాతి తొట్టి. ఖాళీగా ఉంటేనే ఆరుగురు మోయలేరు. నీళ్లు నిండి, పటేల్ దిగితే ఎంత బరువో మీరే ఊహించుకోండి. సరిగ్గా ఆ గది కిందనే పటేల్ తల్లి విమలమ్మ మంచం.

"ఏంది రాములూ, గంటసేపటి నుంచి కొడుతనే ఉన్నవు? నువ్వేసిన నేలనే గదా, నమ్మకం లేదా?" గుమ్మంలో నిలబడి నవ్వాడు పటేల్.

"సూస్తున్న పటేలా."

నిజమే, సగం అతను వేసిందే. మిగతా సగం మైసన్నది.

మైసన్న భార్య గంగామణి తట్ట పట్టుకుని మూలన కూర్చుంది. ఆరేండ్ల కింద మైసన్న పడ్డది ఈ ఇంటి పరంజా మీంచే. కామారెడ్డి దవాఖాన చేరకముందే పోయాడు. అప్పటి నుంచి పర్శరాములు ఏ పని పట్టినా ఆమెను పిలుస్తాడు. ఆమె అతన్ని అన్నా అంటుంది. "లింగంపేట దాటినంక నీళ్లడిగిండు చెల్లే. నా ఒళ్లె తలపెట్టి తాగిండు" అని అతను చెప్పిన ఒక్క మాట మీద. చివరి నీళ్లు పోసిన చెయ్యి అని, ఏటా పోయిన పెద్దలకు పెట్టే పెత్తరమాస నాడు మొదటి విస్తరి అతనికే వేస్తుంది. కన్నకొడుక్కి కూడా ఆ తర్వాతే.

కానీ మైసన్నను దవాఖానకు తీసుకుపోయిన ఆ బండి పర్శరాములు ఎక్కనే లేదు.

తోటి మనిషి పడిపోతే ఆ రోజు ఎవడూ తాపీ ముట్టడు. మేస్త్రీ పని నేర్చుకున్న ప్రతివాడికీ తెలుసు. తెల్లారితే పటేల్ గృహప్రవేశం. "నువ్వు గూడ పోతే ఇదెవడు పూర్తిచేస్తడు?" అన్నాడు పటేల్. ఇలాంటోళ్లకు కూలివాడి చావు ముహూర్తానికి అడ్డం, అంతే. ముక్కూ మొహం తెలియని డ్రైవర్‌తో మైసన్నను పంపేసి పర్శరాములు మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తొందరతొందరగా మూలకో సిమెంటు ముద్ద పెట్టాడు, మీద టైల్ అదిమాడు. నడుమంతా బోలు.

ఇప్పుడు ఆ బోలు టైల్స్ తీసి, స్లాబు దాకా తవ్వి కాంక్రీటు పోయాలి. తవ్వితే ఆ సగం ఎవరు, ఎప్పుడు వేశారో గంగామణికి తెలిసిపోతుంది. గట్టిగానే ఉందని చెప్పేస్తే చాలు, తొట్టి ఎక్కుతుంది. బోలు టైల్స్ పగిలి నీళ్లు స్లాబులోకి ఇంకితే, ఏదో ఒకనాడు ముసలామె మీదికి దిగుతుంది.

"అన్నా, అటు దిక్కు బోలుగున్నది" అంది గంగామణి. ఆరేండ్లు సిమెంటు మోసిన మనిషి చెవులు అవి. "ఇటుది మా ఆయన చెయ్యి. అటు ఏ పనిరానోడు ఏసిండో!"

కింద విమలమ్మ దగ్గింది.

పర్శరాములు ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. మూడో వరుస పక్క టైల్ ముక్కలు కాకుండా ఊడొచ్చింది. దాని అంచు కింద, మైసన్న పరిచిన సిమెంటులో తాపీ మొనతో గీసిన అంకెలు. పని నడుమ లేవాల్సొస్తే తేదీ గీసి లేవడం మైసన్న అలవాటు. ఆ రోజు పైపు అందుకోవడానికి పరంజా ఎక్కబోతూ గీసింది అది.

గంగామణికి చదువు రాదు. ఆ అంకెలు మాత్రం వచ్చు. చావు కాగితం మీద ఉన్నవి అవే. వేలితో వాటిని తడిమింది. ఊడిన టైల్‌ను తిప్పి చూసింది. దాని వెనక అదే తేదీ, తిరగబడి అచ్చు పడి ఉంది.

"సిమెంటు పచ్చిగున్నప్పుడే ఈ టైల్ పడ్డది."

అతను ఉలి కింద పెట్టాడు.

"నువ్వేసిన నేలనే అన్నడు పటేల్. అప్పుడు ఎండకాలం. అరగంటల సిమెంటు గట్టివడ్తది. అరగంటల కామారెడ్డి పోయొస్తరా అన్నా?"

"గంగామణీ..."

"మరి నీళ్లెవరు పోసిండ్రు?"

"తెల్వది. నేను పోలే."

"ఏమైందిరా? మంచి టైల్స్ ఎందుకు పలగ్గొడుతున్నవు?" పటేల్ అరిచాడు.

గంగామణి తన నీళ్ల సీసా మూత తీసింది. అంకెల మీద వంచింది. ఎండిన సిమెంటు తాగుతూ పోయింది. సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది.

"మిగిలినయి గూడ తియ్యి. సందు లేకుండ నింపు. కింద ముసలవ్వ పంటది."

రాలిన సిమెంటు పెళ్లలన్నీ తట్టకెత్తింది. తేదీ ఉన్న టైల్‌ను మాత్రం కొంగులో చుట్టుకుంది. గుమ్మం దాటుతూ ఆగింది. అన్నా అనలేదు.

"పెత్తరమాసకు రాకు."

పర్శరాములు తర్వాతి టైల్ మీద కొట్టాడు. కింది నుంచి మళ్లీ అదే చప్పుడు.