రాళ్లు ఏరిన మట్టి

మా కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు కుండలు చేసే సారె ముట్టరు. మట్టి తొక్కడం, అందులో రాళ్లు ఏరడం మాత్రం వాళ్ల పనే. కందిగింజంత సున్నపు రాయి మిగిలినా చాలు, కాల్చిన వారానికే కుండ పెచ్చులూడుతుంది. మా కుండ ఎన్నడూ పెచ్చులూడలేదు. తిరుమలగిరి, కార్ఖానా బస్తీల నుంచి జనం మా బన్సీలాల్‌పేట్ దాకా వచ్చి "తుకారాం చేతి కుండ" అని అడిగి కొనుక్కుపోయేవాళ్లు. ఆ రాళ్లు ఏరే మనిషి మా అమ్మ సుమిత్ర అని వాళ్లలో ఎవరికీ తెలియదు. మా బాపు తుకారాం చెప్పేవాడు కాదు. అందుకే నాకు బాపంటే ఒళ్లుమంట.

కిడ్నీలు పాడయ్యాక కూడా అమ్మ చేతులు ఊరుకోలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, తట్టలో మట్టి పెట్టుకుని ఏరేది. ఇప్పుడు మట్టి వచ్చేదే కూలగొట్టిన ఇళ్ల చెత్తతో కలిసి. "జెర పండరాదే" అని నేనంటే వినేది కాదు.

ఒకరోజు మూలన పేర్చిన సావు కుండల వైపు చూసింది. అవి శ్మశానంలో పగలడానికే చేస్తాం. పలుచగా, సగం కాల్చి, మట్టిలో రాళ్లు కూడా ఏరకుండా.

"నాకు గసొంటిది పెట్టకు," అంది బాపుతో. "జిందగీ అంత రాళ్లేరి, ఆఖరికి రాళ్ల కుండతోని పోవాల్నా?"

"నోర్ముయ్," అన్నాడు బాపు. సారె మాత్రం ఆపలేదు.

ఆ తట్ట మట్టితోనే నీళ్ల కుండ చేశాడు. కుండలు కాల్చే ఆవంలోంచి తీసి వేలితో కొడితే ఖంగుమంది. అమ్మ నవ్వింది. ఆ వారమే పోయింది.

పొద్దున్నే పురుషోత్తం మామ, అంటే అమ్మ తమ్ముడు, పలుచ కుండ ఒకటి తీసి కడిగాడు. బాపు దాన్ని పక్కన పెట్టేసి నీళ్ల కుండ తెచ్చాడు.

"బావా, గది పగలది."

"గిదే," అన్నాడు బాపు.

శ్మశానానికి ఆడవాళ్లు రావద్దన్నారు. నేను వెళ్లాను. ఒకరి మాట వినే ఓపిక ఆ రోజు నాకు లేదు. కొడుకులు లేరు కాబట్టి కుండ బాపు భుజానికెత్తారు. చితి చుట్టూ తిరిగే ఒక్కో చుట్టుకు మామ కత్తితో ఒక్కో చిల్లు పెట్టాలి. మొదటి చిల్లుకే ఐదారు దెబ్బలు పట్టాయి. నీళ్లు బాపు వీపు మీదుగా కారాయి. మూడో చుట్టు అయ్యాక, వెనక్కి చూడకుండా కుండను జారవిడవాలి. అది పగిలితేనే పోయిన మనిషికి ఇంటితో బంధం తెగినట్టు.

బాపు విడిచాడు. వానకు నానిన నేల. కుండ దొర్లి నా కాళ్ల దగ్గర ఆగింది.

"ఎనకకు సూడకు బావా, మళ్ల ఎత్తిస్త," అన్నాడు మామ.

బాపు చూశాడు. వచ్చి కుండను ఒళ్లో పెట్టుకుని బురదలో కూలబడ్డాడు.

"నాతోని కాదు బిడ్డా," అన్నాడు. "నాతోని కాదు."

నాకు ఇన్నేళ్ల కోపం ఉంది కదా, అది అక్కరకొచ్చింది. ఆయన ఒళ్లోంచి కుండ లాక్కుని పక్కనున్న సిమెంటు అరుగుకేసి కొట్టాను. రెండో దెబ్బకు పగిలింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

బాపు లేచి చితికి నిప్పు పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు వంగి ఒక పెంకు తీసుకున్నాడు. విరిగిన అంచును బొటనవేలితో తడుముకుంటూ నడిచాడు. గేటు దగ్గర ఆగి నాకు చూపించాడు.

"సూడు బిడ్డా. ఒక్క రాయి లేదు. నా కుండ, నా కుండ అని తిరిగిన. గిది మీ అమ్మ కుండ."

"గీ మాట అమ్మ ఇనాల్సింది బాపూ," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చితి పూర్తిగా అంటుకుంది.