ఇల్లు లేని దర్వాజా

మాదన్నపేట మార్కెట్ వెనక సందులో, డెబ్భై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, మా దర్వాజా ఒక్కటే మూడు వారాలు నిలబడి ఉంది. దానికి గోడలు లేవు, కప్పు లేదు. రెండు పక్కలా వాసాల ఊతం, పైన ఎండిన మామిడాకులు, గడపకు పసుపు, చుట్టూ ఖాళీ నేల. సందులో పోయేవాళ్లకు అదొక వేడుక. ఎవడో ఒకడు ఆ చెక్క మీద టకటకా కొట్టి, "ఓ రామలింగన్నా, ఇంట్ల ఉన్నవా?" అని అరిచి పోయేవాడు. రామలింగయ్య అంటే మా ఆయన. కూరగాయల బండివాడైతే దాని ముందు ఆగి, "లోపలికి రావాల్నా అమ్మా, బయటనే తూకమెయ్యాల్నా?" అని అడిగేవాడు. నవ్వు వచ్చేది, వెనకే ఏడుపూ వచ్చేది.

అసలు మాది మట్టిగోడల పెంకుటిల్లు. మా అత్త కాపురానికి వచ్చిన నాటిది. ముందటి ఏడు వానలకు వెనక గోడ కూలింది, దాంతో కప్పంతా ఒరిగిపోయింది. మేమిద్దరం, నలుగురు పిల్లలు, వీధి చివర మా తోటికోడలు రాజమణి వరండాలో చేరాం. రాజమణి మంచిదే. కానీ ఎంత మంచిదైనా ఏడాది పాటు మంచిగా ఉండాలంటే కష్టం కదా. పొద్దున్నే తన పొయ్యి దగ్గర నన్ను చూస్తే చాలు, ఆమె గిన్నెలన్నీ గట్టిగా మోగేవి. మృగశిర కార్తె వచ్చేలోపల మా కప్పు మేం వేసుకోవాలి. ఆ ఏడాదంతా నేను ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను.

మేస్త్రీ అంజన్న మా ఆయనకు చిన్ననాటి నేస్తం. దర్వాజా నిలబెట్టడానికి శుక్రవారం ముహూర్తం కుదిరింది. ముహూర్తానికి చోటు శుభ్రంగా ఉండొద్దూ? కూలిన మట్టి, పెంకులు నాలుగు రోజులు మోసి పారబోశాం. మిగిలిన మొండి గోడలు కూడా నేలమట్టం చేశాం. ఆపైన నేనే దగ్గరుండి ఎర్రమట్టి పోయించి, తొక్కించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా పేడతో అలికాను. ముగ్గులు వేశాను. నేలంతా తాంబాళంలా నున్నగా వచ్చింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆ నున్నదనమే మా కొంప ముంచింది.

దర్వాజా నిలబెట్టాక సోమవారం నాడు మున్సిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, సైకిల్ దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి చూశాడు.

"ఏందమ్మా, ఖాళీ జాగల దర్వాజా లేపినరు? పర్మిషన్ ఏది?"

"ఖాళీ జాగ కాదు సాబ్, మా ఇల్లు" అన్నాను.

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. "ఇల్లు ఏడుంది?"

వెనక్కు తిరిగి చూశాను. నా వెనక పేడతో అలికిన నేల తప్ప ఇంకేం లేదు. ఆయన నోటీసు రాసి చేతిలో పెట్టి వెళ్లాడు. నాకు చదువు రెండో తరగతి దగ్గరే ఆగింది. మా ఆయనది అంతకంటే ముందే ఆగింది. రాజమణి కొడుకు చదివి చెప్పాడు. ఖాళీ స్థలంలో అనుమతి లేకుండా కొత్త ఇల్లు మొదలుపెట్టారు, పని ఆపండి, సందు వెడల్పు కోసం ముందు అయిదడుగులు వదిలి కొత్త నక్షా పెట్టుకోండి, అని.

మా జాగ ముందు నుంచి వెనక్కు పదహారడుగులు. అందులో అయిదు పోతే? అంజన్న వేళ్ల మీద లెక్కేసి, "వండుకునేతందుకు జాగ ఉంటే పండుకునేతందుకు ఉండది వదినా. పండుకునేతందుకు ఉంటే వండుకునేతందుకు ఉండది" అన్నాడు.

"నువ్వు మేస్త్రీవి, పర్మిషన్ గురించి ముందుగాల జెప్పొద్దా?" అని మా ఆయన వాడి మీద పడ్డాడు.

"మీ ఇల్లు మీరు గట్టుకుంటున్నరు, మధ్యల నేనేం జెప్త? ముహూర్తం ముహూర్తమని తరిమింది ఎవరు?"

రాజమణి వరండాలో కూర్చుని అంతా వింటోంది. "ఇంక మీరు పోయేది లేదన్నట్టు" అంది, ఎవరినీ చూడకుండా.

మా సందులో సుందరరామయ్యగారని ఒకాయన అద్దెకు ఉండేవారు. బందరు మనిషి. ప్రభుత్వంలో నక్షాలు గీసే ఉద్యోగం. ఆదివారం పొద్దున అరుగు మీద చాప వేసుకుని కూర్చుంటే, నల్లా కనెక్షన్ అర్జీ నుంచి ప్రహరీ గోడ తగాదా దాకా ఎవరి కాగితాలు వాళ్లు పట్టుకొచ్చేవారు. ఆయన చదివి, ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో చెప్పేవారు. మేమూ వెళ్లాం.

ఆయన నోటీసు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రామలింగయ్యగారూ, ఆయన తప్పేం రాయలేదండీ. కంటికి కనబడిందే రాశాడు. కొత్త ఇల్లయితే అయిదడుగులు వదలాల్సిందే. కానీ పాత పునాది మీద, పాత కొలతల్లోనే మళ్లీ లేపుకుంటే అది మరమ్మతు కింద అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు ముందుకూ జరగక్కర్లేదు, వెనక్కూ జరగక్కర్లేదు. అయితే పాత ఇల్లు అక్కడే ఉండేదని చూపించాలి. ఇంటి పన్ను రసీదులున్నాయా?"

"పెట్టెల ఉండె సారూ. గోడ దాని మీదనే పడ్డది" అన్నాడు మా ఆయన. "నానిపోయి ముద్దయినయి."

"ఇంటి నంబరు రేకు?"

"పాత దర్వాజకు ఉండె. అది పొయ్యిల కట్టెలైపోయింది. రేకు ఎటు వోయిందో."

సుందరరామయ్యగారు నోటీసు మడిచి పక్కన పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "కాశమ్మగారూ, మీ ఇంట్లో ఏది ఎక్కడ ఉండేదో మీకు గుర్తుందా?" అని అడిగారు.

గుర్తుండడమేమిటి! పద్నాలుగేళ్ల పిల్లగా వచ్చి ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లు తిరిగాను. చీకట్లో ఉప్పు డబ్బా మీద చెయ్యి వేసేదాన్ని.

"అయితే మీరు నడవండి. నేను గీస్తాను" అన్నారాయన.

ఆ ఆదివారం ఆ ఖాళీ నేల మీద నా ఇల్లు నేను నడిచాను. దర్వాజాలో నుంచే లోపలికి వెళ్లాను, పక్కనుంచి తొక్కుకుంటూ పోబుద్ధి కాలేదు. "ఇది ముందటి అర్ర. గీడ నాలుగు అడుగులేస్తే నడిమి గోడ. గీ మూలకు రోలు. గా మూలకు పొయ్యి, పొయ్యి మీద గూడు" అంటూ పోతున్నాను. సుందరరామయ్యగారు టేపు పట్టి కొలిచి కాగితం మీద పెన్సిల్ గీతలు గీస్తున్నారు. నేను ఆగిన చోటల్లా అంజన్న గడ్డపారతో పొడిచి చూస్తున్నాడు. నేను అలికిన నేల అది, ఒక్కో పోటు నా ఒంటి మీద పడినట్టుంది. జానెడు లోతులో రోలు దొరికింది. రోలును కదపొద్దని మా అత్త మాట ఉండేది, అందుకని దాని మీదే మన్ను పోయించాను. నడిమి గోడ రాళ్లు దొరికాయి. వెనక గోడ పునాదీ దొరికింది.

ముందు గోడ మాత్రం దొరకలేదు. దర్వాజా గట్టిగా కూర్చోవాలని అంజన్న ఆ వరుస రాళ్లు పెరికేసి, కొత్త కంకర పోశాడు.

"అంజన్నా, ఎంత పని జేసినవురా" అన్నాడు మా ఆయన, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు.

సుందరరామయ్యగారు పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నారు. "ముందు గోడే ముఖ్యమండీ. అది సందు అంచునే ఉండేదని తెలియకపోతే మిగతావి ఉన్నా లాభం లేదు. అయినా అర్జీ రాసిస్తాను. మంగళవారం ఇన్‌స్పెక్టర్‌నొకసారి వచ్చి చూడమందాం."

సోమవారమంతా నేను కళ్లు మూసుకుని ఆ ముందు గోడ వెంట నడుస్తూనే ఉన్నాను. దర్వాజా, దాని కుడి పక్క కిటికీ, కిటికీ కింద అరుగు. ఎడమ పక్క? ఎడమ పక్క మూలకు స్నానాల బండ. పిల్లలకు నీళ్లు పోసింది అక్కడే. పోసిన నీళ్లు ఎటు పోయేవి?

మంగళవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నక్షా చేతిలో పట్టుకుని రోలు చూశాడు, నడిమి గోడ చూశాడు. తల ఊపాడు గానీ ముందుకు వచ్చి ఆగిపోయాడు. సందులోకి దిగి, మా జాగకు ఎదురుగా నిలబడి అన్నాడు, "సుందరరామయ్యగారూ, వెనకదంతా ఠీక్ హై. ముందల గోడ గీడనే ఉండెనని నేనెట్ల రాయాలె?"

"సాబ్, ఒక్క నిమిషం ఆగు" అని నేను ఎడమ మూలకు పోయి చేతులతోనే మన్ను తోడాను. బండ బయటపడింది. బండకు చివర గుండ్రటి కన్నం ఉంది, నీళ్లు బయటికి పోయే మోరీది. బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మరించాను.

నీళ్లు కన్నంలో నిండి అక్కడే నిలబడ్డాయి. ఎటూ పోలేదు.

సందులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజమణి కూడా వచ్చి చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా అత్తకు పందికొక్కులంటే చచ్చేంత భయం. రోజూ సాయంత్రం పాత చీర పేలిక ఉండచుట్టి మోరీకి కుక్కేది. ఆమె పోయాక ఆ పని నేను చేసేదాన్ని. గోడ కూలిన రోజు సాయంత్రం కూడా చేసే ఉంటాను. మోచేతి దాకా చెయ్యి దూర్చాను. వేళ్లకు బట్ట తగిలింది. గట్టిగా గుంజాను.

గుడగుడమని ఒక శబ్దం వచ్చి నీళ్లన్నీ ఒక్కసారి లోపలికి పోయాయి. మరుక్షణం సందులో ఇన్‌స్పెక్టర్ "అరె, అరె!" అంటూ గంతేశాడు. సరిగ్గా ఆయన కాళ్ల దగ్గర, పేడ పెచ్చు ఊడి, సందు అంచున ఉన్న తొలిచిన రాతిలో నుంచి నల్లటి నీళ్లు చిమ్ముతున్నాయి. ముందు గోడ అడుగున మోరీ కోసం తొలిపించిన రాయి అది. అంజన్న గడ్డపార ఆ మూల దాకా పోలేదు.

సుందరరామయ్యగారు వంగి టేపు పెట్టారు. "దర్వాజా గీతకీ దీనికీ అంగుళం తేడా లేదండీ" అన్నారు.

ఇన్‌స్పెక్టర్ తన బూట్లు చూసుకున్నాడు. "అమ్మా, నీ ఇల్లు నా బూట్లల్లకు వచ్చింది. ఇంక లేదని ఎట్ల రాస్త?" అన్నాడు. సందంతా నవ్వింది. నేను మాత్రం అక్కడే బండ మీద కూలబడ్డాను, చేతిలో ఆ చీర పేలిక అట్లాగే ఉంది.

మరమ్మతు కాగితం పది రోజులకు వచ్చింది. అంజన్న తప్పు దిద్దుకోవాలని పొద్దుగూకే దాకా పని చేసి గోడలు లేపాడు. మృగశిర ఇంకా రెండు రోజులుందనగా పెంకులు కప్పాం. సామాను మోయడానికి రాజమణి కూడా వచ్చింది. "పోతున్నవా అక్కా?" అని, వెళ్లేముందు తన కొత్త చీపురు నా చేతిలో పెట్టి కళ్లొత్తుకుంది.

మొదటి వాన మధ్యాహ్నం పడింది. పిల్లలు కిటికీ దగ్గర చేరారు. మా ఆయన తలెత్తి పెంకులనే చూస్తూ కూర్చున్నాడు, ఎక్కడైనా కారుతుందేమోనని. ఎక్కడా కారలేదు. పాత రోలు దగ్గర కారం నూరుతూ నేను గిన్నెలు కడిగిన నీళ్లు స్నానాల బండ మీది నుంచి మోరీలో పడి సందులోకి పోతున్న చప్పుడు విన్నాను. వాన వెలిశాక లేచి, సాయంత్రం కాకముందే, పేలిక ఉండచుట్టి కుక్కాను.