నాగేశ్వరమ్మ నడక

కుక్కర్ దించుదామని పక్కకి తిరిగినంత మాత్రాన మనిషి తొడ ఎముక విరుగుతుందా? పెద్దిరాజు కళ్లారా చూసి కూడా నమ్మలేకపోయాడు. భార్య నాగేశ్వరమ్మ జారలేదు, కాలికేదీ తగల్లేదు. ఫట్‌మని చప్పుడైంది, ఆవిడ కెవ్వున అరిచి పడిపోయింది.

రెండేళ్ల కిందట ఆవిడకి తుంటి కీలు మార్పించారు. ఆనాటి నుంచీ పెద్దిరాజుది ఒకటే డప్పు: "మావిడది ఉక్కు తుంటి! ఇంక దానికి ఢోకా లేదు." సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు కుర్రాళ్లచేత కవాతు చేయించి, సుబేదారుగా రిటైరైన మనిషాయె. ఢిల్లీలో, పాలం అనే పేటలో స్థిరపడ్డాక కవాతుకి ఆయనకి మిగిలింది ఆవిడొక్కతే. రోజూ పొద్దున్నే పార్కులో ఆరు చుట్లు, మధ్యలో ఆగడానికి వీల్లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ హరిత ఎక్స్‌రే చూపించింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కొత్త కీలు చెక్కుచెదరలేదు. దాని కడ్డీ లోపలికి దిగిన తొడ ఎముక మాత్రం నిలువునా చీలిపోయింది. ఆ ఉక్కు చుట్టూ ఉన్నది ఎముకేనన్న సంగతి ఇన్నాళ్లూ పెద్దిరాజు బుర్రకి తట్టనే లేదు.

"ఆంటీ, ఇంతకుముందు తొడలో నొప్పి ఉండేదా?"

"అబ్బే, లేదమ్మా," అంది నాగేశ్వరమ్మ చప్పున.

"అచ్ఛా, కొంచెం గుర్తు చేసుకోండి. అలా నొప్పి ఉంటే కడ్డీ ముందే వదులైందని అర్థం. అప్పుడు ఎముకని బిగించే ప్లేటు ఒక్కటే చాలదు, కడ్డీ కూడా మార్చాలి. లేకపోతే మళ్లీ విరుగుతుంది."

ఆవిడ ఎవరి పరువు కోసం అబద్ధమాడిందో పెద్దిరాజుకి తెలుసు. ఆ పరువు మీద ఆయనకే అసహ్యం వేసింది.

"ఉండేదమ్మా," అన్నాడు. "నడుస్తుంటే తొడలో పోటని నెలన్నర కిందటే చెప్పింది. ఇనుముకి నొప్పేంటే అని నేనే కసిరి నడిపించాను. కాని పదిహేను రోజులై తగ్గిపోయింది. రోజూ శభాష్ అంటున్నాను కూడా."

నాగేశ్వరమ్మ అప్పుడు తలతిప్పి మొగుడి వంక చూసింది.

"తగ్గలేదండీ. మీరు కోప్పడుతున్నారని చెప్పడం మానేశాను."

పెద్దిరాజు ఆవిడ పడుకున్న స్ట్రెచర్ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.