యమున పూడ్చిన బొగ్గు

మా తోడికోడలు యమున టమాటా నారుమడి నవనవలాడుతుంటే నాకు కడుపు మండేది. దాచుకోవడమెందుకు, నిజంగానే మండేది. ఇద్దరికీ బావి ఒకటే, విత్తనమూ ఒకటే. నా నారు మాత్రం రెండుసార్లు ఆకులు మెలితిరిగి చచ్చింది.

తప్పు మాదే. పైచేనులో గడ్డి చావాలని నా మొగుడు నాగేంద్ర మందు కొట్టాడు. మర్నాడే వాన పడి అదంతా బావిలోకి దిగింది. యమున పల్లెత్తు మాట అనలేదు. దానికి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఆమె కలికిరి వెళ్ళి ఎవరినో విరుగుడు అడిగి వచ్చింది. డ్రమ్ములో గులకరాళ్ళు, ఇసుక, టెంకాయ చిప్పల బొగ్గు పొరలుగా పోసి, బావినీళ్ళు అందులో వడకట్టి నారుకు పోసుకునేది. ఊరంతా ఆమె తెలివిని మెచ్చుకుంది. పెద్దకోడలిని, నేను పోయి ఆమెను అడగాలా?

మూడోసారి నారు పోసే విత్తనం ఒక్క పొట్లమే మిగిలింది. అదీ పోతే ఈ కారు పంటకు మా ఎకరా బీడే. అందుకని దడి మీదుగా చూసి నేనూ ఒక డ్రమ్ము కట్టాను. బొగ్గు ఒక్కటే తక్కువయింది.

ఒకరోజు యమున తన డ్రమ్ములోని బొగ్గంతా తీసి, గెనిమ గట్టు పక్కన గుంతలో పూడ్చి, పైన కంప వేసింది. నాకు దక్కకూడదనే దాచిందనుకున్నాను. ఆమె మదనపల్లె బస్సెక్కగానే కంప లాగి, బొగ్గు తవ్వుకుని, మూడుసార్లు కడిగి నా డ్రమ్ములో పోశాను. నీళ్ళు తేటగా దిగాయి. సంబరపడి, మిగిలిన పొట్లం విత్తనం పోసి ఆ నీళ్ళే పెట్టాను.

మొలకలు రెండాకులు వేశాయో లేదో, మడంతా మెలితిరిగింది. యమున వచ్చి మడిని చూసింది. నా డ్రమ్ములో చెయ్యిపెట్టి బొగ్గు తీసి చూసింది.

"ఇది మందు తాగేసిన బొగ్గక్కా. ఇంక పట్టదు, పట్టిందాన్నే కక్కతాది. గొడ్లు కూడా తొక్కకూడదని పూడ్సినాను. యాల తవ్వినావు?"

"నాకు దక్కకూడదని దాసినావనుకుంటి," అన్నాను.

ఆమె నవ్వలేదు. తన పాకలోకి తీసుకుపోయి నారు ట్రేలలో సగం వేరుగా పెట్టి ఉంటే చూపించింది.

"ఇవి నీకని పోసినవే. నువ్వు అడుగుతావేమోనని సూస్తాండాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ట్రేలు ఒక్కొక్కటే మోసుకుని ఇంటికి తెచ్చాను. మా ఎకరా నిలిచింది. అయినా, ఆ నారు ఆమె చేలోకన్నా నా చేలోనే ఎక్కువ కాయాలని దారిపొడుగునా కోరుకుంటూనే ఉన్నాను.