నారుమడి మీద ఇటుకలు

హనుమాయమ్మ పోయి పెద్దకర్మ కూడా కాలేదు, ఆమె నారుమడిలో ఇటుకల బండి ఒరిగించారు. పచ్చి నారు నలిగిన వాసన మా ఇంటి దాకా వచ్చింది. ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాను. నేను చచ్చిన ఎద్దును ఈడ్చినవాణ్ణి. నీళ్ళు దిగి కుళ్ళిన జొన్న పాతరలోకి దిగి వచ్చినవాణ్ణి. ఆ రోజుల్లోనూ పూట తప్పకుండా తిన్నాను.

కాలువకు తుంగభద్ర నీళ్ళు వదిలిన కొత్తలో, బళ్ళారి దగ్గర సిరిగేరి పక్కన ఉన్న మా ఊరికి కృష్ణా జిల్లా నుంచి బండ్లు వచ్చాయి. ముందు బండి తోలుకొచ్చింది డెబ్బై ఏళ్ళ హనుమాయమ్మ. కొడుకు వెంకటప్పయ్య వెనక బండిలో మూటల మీద నిద్రపోతున్నాడు. ఆమె దిగీ దిగగానే గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి, అక్కడే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది.

మాది జొన్నా పత్తీ పండే నల్లరేగడి. మొగం పైకెత్తి మబ్బును చూడటం తప్ప మడి కట్టడం మాకు తెలియదు. మొదటి ఏడు నేను నారు కొనుక్కొచ్చి, కట్టలు విప్పకుండా కట్టకొక గుంత తీసి పాతాను. నా ఎద్దు ఆ బురదలో ఎంత దిగబడిందంటే కొమ్ములు మాత్రమే పైకి కనబడుతున్నాయి. ఎటూ కదలదు గదా అని వాటి మీద తువ్వాలు ఆరేసుకున్నాను. ఇది అబద్ధమని మా ఇంటిది అంటుంది. తువ్వాలు ఉతికింది తనే, మరిచిపోయింది.

గట్టు మీద నిలబడి హనుమాయమ్మ చూసింది.

"ఏవయ్యా, పెళ్ళిపందిరికి గుంజలు పాతుతున్నావా?"

"నాట్లమ్మా" అన్నాను.

"ఇయ్యి నాట్లైతే నా తలకాయ గుమ్మడికాయ. తప్పుకో" అని, చీర దోపి, చుట్ట పంటి కింద పెట్టుకుని మడిలోకి దిగింది. మా పక్కింటి యంకమ్మను కూడా రమ్మంది. నాటేవాళ్ళు వెనక్కి నడవాలని తెలిసేసరికి యంకమ్మ గట్టు దిగలేదు.

"ఎనక్కి నడ్సేవి దయ్యాలమ్మా. నేను దిగను."

"అయితే ఈ ఏడు దయ్యాలకే అన్నం దొరుకుద్ది. దిగవే పిల్లా!"

యంకమ్మ దిగింది. తర్వాత ఊరి ఆడవాళ్ళంతా దిగారు. ఈ రోజు మా ఊళ్ళో వరి తింటున్న ప్రతి నోరూ ఆ వెనక నడక నేర్చుకున్నదే.

ఆమె కూర్చోగా నేను చూడలేదు. అడ్డం తిరిగిన దూడను చెయ్యి పెట్టి సరిచేసి లాగేది. తూము మూసిన కాలువ కాపలా లష్కరును గట్టు వెంట తరిమేది. ఆమె గొంతెత్తి కేకేస్తే మా చేల మీది పిట్టలు లేచి పోయి పక్కనున్న మోక ఊళ్ళో వాలేవి. మోకవాళ్ళు వచ్చి తగువు పెట్టుకున్నారని కూడా చెప్పగలను గానీ, ఈ పూట నాకు అంత హుషారు లేదు.

ఆమె చేసినవాటిలో పెద్దది ఆ నారుమడి. తూము పక్కనే, రోడ్డును ఆనుకుని ఉంటుంది. కాలువ తెరిస్తే మొదటి నీళ్ళు దానికే. యంకమ్మలాంటి వాళ్ళ పొలాలు కాలువ కొసన ఉన్నాయి. అక్కడికి నీళ్ళు చేరేసరికి అదును సగం పోతుంది. అప్పుడు నారు పోసుకుంటే పైరు చలికి దొరికి గింజ తాలు పోతుంది. అందుకని హనుమాయమ్మ ఆ మడిని కొస పొలాలవాళ్ళకు వదిలేసింది. తలా ఒక చాలు, హద్దుకు ఒక కానుగ కొమ్మ. నీళ్ళు వాళ్ళ పొలాలకు చేరే వేళకు నారు సిద్ధంగా ఉండేది.

ఈ వానాకాలం ఆ మడి గట్టు మీదే, కలుపు చూస్తూ చూస్తూ పక్కకు ఒరిగింది. అంతే.

వెంకటప్పయ్య తల్లికి మండపం కడతానన్నాడు. సంతోషమే. అందులో పెట్టడానికి బళ్ళారిలో ఆమె సిమెంటు బొమ్మ చేయించాడు. పోయి చూశాను. ఆ బొమ్మ కళ్ళు మూసుకుని ఉంది, చేతిలో జపమాల. ఆమె చేతిలో కొడవలి చూశాను, పార చూశాను, గరిటె చూశాను, చుట్ట చూశాను. ఆ మాల ఎవరి ముసలమ్మదో నాకు తెలియదు. మండపం ఎక్కడా అంటే, నారుమడిలో.

యంకమ్మ నన్ను వెంటబెట్టుకుని వెంకటప్పయ్య ఇంటికి పోయింది.

"సామీ, నారు ఇంకా లేత. కొసకు నీళ్ళు రాలేదు. పది దినాలు ఆగు. పీక్కుంటాము, అప్పుడు నీ ఇష్టం."

"పెద్దకర్మ రోజునే శంకుస్థాపన ముహూర్తం యంకమ్మా. బళ్ళారి నించి పెద్దోళ్ళొస్తున్నారు."

"ఇంటెనక అంత బయలుండాది గదప్పా" అన్నాను.

"ఇంటెనక కడితే ఎవరు చూస్తారు? రోడ్డు మీదైతే బస్సులో పోయేవాళ్ళంతా దణ్ణం పెట్టుకుంటారు. నారుదేవుంది, మళ్ళీ పోసుకోండి. విత్తనాలు నేనిస్తా."

"ఇత్తనాలు ఇస్తావు. పోయిన దినాలు యాడ నుంచి తెచ్చిస్తావు?" అంది యంకమ్మ.

అతను నా వైపు తిరిగాడు. "గాదిలింగప్పా, నువ్వు మా అమ్మని ముందునించీ ఎరుగుదువు. ఆ రోజు నాలుగు మాటలు చెప్పాలి. భక్తి గురించి చెప్పు. బురదా పేడా తేమాక."

బయటికి రాగానే ఉమ్మేశాను. యంకమ్మ ఏదో ఆలోచిస్తోంది.

"నీ మడిలో నీళ్ళుండాయి గదా?"

"ఉండాయి. ఏం?"

"ఈ నారు పీకి నీ మడిలో దగ్గర దగ్గర గుచ్చుతాము. కొసకు నీళ్ళొచ్చినాక మళ్ళ పీకుతాము. సగమన్నా బతుకుతుంది."

"పీకతాంటే అతను ఊరుకుంటాడా?"

"అందరూ పందిట్లో ఉంటారు. నువ్వు మాట్లాడతాండు. నీకు వచ్చింది అదొగటే గదా."

పెద్దకర్మ నాడు పందిరి నిండిపోయింది. సెంటు వాసనా నేతి వాసనా కలిసి ముక్కు మూసుకునేలా ఉంది. ముహూర్తానికి ముందు మాట్లాడమని నన్ను లేపారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. హనుమాయమ్మ గంట కొడితేనే ఆనకట్ట గేట్లు లేచేవన్నాను. నాగుపాము రోజూ పడగ మీద మల్లెపూలు మోసుకొచ్చి పూజకు ఇచ్చేదన్నాను. ఎవరైనా నవ్వుతారేమో, నోరు మూయిస్తారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు. పట్టుపంచెల పెద్దమనుషులు చేతులు జోడించారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఎద్దు కొమ్ముల కథను చిన్నపిల్లలు కూడా నమ్మరు. దీన్ని వీళ్ళు నమ్మారు. దూడను లాగిన చెయ్యి వీళ్ళకు అక్కర్లేదు, పాము కావాలి. చెప్పేకొద్దీ నా నోరు చేదెక్కింది. అయినా ఆపలేదు. పామును కాశీ దాకా పంపి గంగ తెప్పించాను. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని రెండుసార్లు దగ్గాడు. వెంకటప్పయ్యే చెయ్యి అడ్డం పెట్టి, "చెప్పనీండి" అన్నాడు.

చివరికి అందరూ కొబ్బరికాయలు పట్టుకుని రోడ్డు దగ్గరికి నడిచారు. మడిలో పచ్చ లేదు. ఇటుకల కింద నలిగిన నారు తప్ప అంతా నల్లటి బురద. కానుగ కొమ్మలు కూడా పీకేశారు. దూరంగా నా మడిలో ఆడవాళ్ళ వీపులు వంగి కదులుతున్నాయి.

వెంకటప్పయ్య మడిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తిడతాడు, కొడతాడు అనుకున్నాను. అతని మొహం విచ్చుకుంది.

"చూశారా అండీ? మా అమ్మంటే వీళ్ళకెంత భక్తో! అడక్కుండానే చదును చేసి పెట్టారు."

పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. కొబ్బరికాయ పగిలింది. నాకు విస్తరి వేశామని ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. విడిపించుకుని, చెప్పులు చేతబట్టుకుని నా మడి వైపు నడిచాను.

యంకమ్మ తల ఎత్తలేదు.

"ఏమన్నాడు?"

"మెచ్చుకున్నాడు."

యంకమ్మ గట్టు మీదికి ఉమ్మేసి, మళ్ళీ వంగింది. నేను పంచె ఎగగట్టి బురదలోకి దిగాను.